రెప్ప వాలింది... గుట్టు గుండె ముందుంది!

పొద్దున బాగానే తెరుచుకున్న కన్ను సాయంత్రానికి సగం మూసుకుపోతుంది. నిద్ర చాల్లేదనుకుంటాం. అద్దాలు మార్చాలనుకుంటాం. చాలాసార్లు అది నిజమే కావచ్చు. కానీ కొద్దిమందిలో మాత్రం ఆ వాలిన రెప్ప... రొమ్ము ఎముక వెనకాల చప్పుడు లేకుండా పెరుగుతున్న ఓ కణితి కబురు మోసుకొస్తుంది. దాని పేరు థైమోమా. అరుదైన జబ్బే. కానీ సకాలంలో గుర్తించి, వరస తప్పకుండా వైద్యం చేయిస్తే చాలామంది గట్టెక్కే జబ్బు కూడా!

ఓ ఇల్లు ఊహించుకోండి. ఆ ఇల్లాలికి నలభై అయిదేళ్లుంటాయి. పొద్దున్నే లేచి వాకిట్లో ముగ్గేసి, టిఫిన్లు చేసి, క్యారియర్లు సర్ది... అన్నీ చకచకా చేసేస్తుంది. మధ్యాహ్నం దాటేసరికి మాత్రం ఒంట్లో సత్తువంతా ఎవరో లాగేసినట్టు ఉంటుంది. జడ వేసుకుందామంటే ఎత్తిన చేతులు నిలవవు. రాత్రి సీరియల్‌ చూస్తుంటే తెరమీద ఒక్కో మనిషీ ఇద్దరుగా కనిపిస్తారు. నాలుగు ముద్దలు తినేసరికి దవడ అలిసిపోతుంది. ఫోన్లో మాట్లాడుతుంటే మాట ముక్కులోంచి వస్తుంది.

‘ఏంటమ్మా, జలుబు చేసిందా?’ అంటుంది అవతలి నుంచి కూతురు.

‘ఏం లేదే, వయసు మీద పడుతోంది కదా’ అంటుంది తల్లి.

కంటి డాక్టరు అద్దాలు మారుస్తారు. ఇంకొకరు రక్తం తక్కువగా ఉందంటూ బలానికి మాత్రలు రాస్తారు. అత్తగారు దిష్టి తగిలిందేమోనని ఉప్పు తిప్పి పడేస్తుంది. మర్నాడు పొద్దున లేచేసరికి అంతా మామూలే! అందుకే ఎవరికీ అనుమానం రాదు.

చివరికి ఓ డాక్టరు అడుగుతారు... ‘పొద్దున బాగుండి, పని చేసేకొద్దీ ఇలా అవుతోందా? కాసేపు పడుకుంటే తగ్గుతోందా?’ అని. ఆ ఒక్క ప్రశ్నతో దారి మారుతుంది. నరాల డాక్టరు, రక్తపరీక్ష, ఆపైన ఛాతీకి సీటీ స్కాన్‌. ‘కంటికి జబ్బయితే ఛాతీకి స్కానింగ్‌ ఏమిటి?’ అని ఇంటిల్లిపాదికీ ఒకటే సందేహం. జవాబు తెలియాలంటే మనలో చాలామందికి పరిచయమే లేని ఓ గ్రంథిని పలకరించాలి.

గుండె ముందు ఓ బడి

దాని పేరు థైమస్‌. రొమ్ము ఎముక వెనక, గుండెకు ముందు కాస్త పైగా ఉండే మెత్తని గ్రంథి. పుట్టినప్పటి నుంచే ఉంటుంది. యుక్తవయసు వచ్చేనాటికి సుమారు 30-40 గ్రాములకు పెరుగుతుంది. అక్కడి నుంచి ఏటేటా కుంచించుకుపోతూ చాలావరకు కొవ్వుగా మారిపోతుంది.

చిన్నదే కానీ అది చేసే పని మాత్రం గొప్పది. ఎముకల మూలుగలో పుట్టిన కొన్ని లేత కణాలు చదువు నేర్చుకోవడానికి ఇక్కడికి వస్తాయి. ఆ చదువులో పాఠం ఒక్కటే... ‘ఎవరు మనవాళ్లు? ఎవరు పరాయివాళ్లు?’ బయటి నుంచి వచ్చిన క్రిమిని గుర్తుపట్టలేని కణం ఫెయిల్‌. సొంత శరీరం మీదికే దూకే కణమైతే బతికి బయటపడకూడదు, అక్కడే అంతం. పాసై గడప దాటేవి నూటికి అయిదుకు మించవని అంచనా. వాటినే టి-కణాలంటారు. ఆ ‘టి’ థైమస్‌ పేరు నుంచి వచ్చిందే!

ఇంత ముఖ్యమైన గ్రంథిని వైద్యులు చాలాకాలం పాటు పట్టించుకోలేదు. పట్టించుకున్నప్పుడు తప్పుగా పట్టించుకున్నారు. ఒకప్పుడు ఐరోపా, అమెరికాల్లో వైద్యవిద్యార్థులు కోసి చూసిన శవాలు ఎక్కువగా పేదలవి. తిండిలేక, రోగాలతో తీసుకుని పోయినవాళ్లవి. అలాంటివారిలో థైమస్‌ ఎండిపోయి చిన్నగా ఉంటుంది. అదే మామూలు సైజనుకున్నారు. హఠాత్తుగా చనిపోయిన పసిపిల్లల్లో థైమస్‌ పెద్దగా కనిపిస్తే, అదే ఊపిరాడకుండా చేసిందనుకున్నారు. నిజానికి ఆ పిల్లల థైమస్‌ ఉండాల్సినంతే ఉంది! ఆ పొరపాటు నమ్మకంతో 20వ శతాబ్దం మొదటి సగంలో అమెరికాలో వేలమంది పిల్లలకు ఎక్స్‌రే కిరణాలు పెట్టి థైమస్‌ను కరిగించారు. వాళ్లలో కొందరికి పెద్దయ్యాక థైరాయిడ్‌ క్యాన్సర్లు వచ్చాయి.

థైమస్‌ అసలు పని తెలిసింది 1961లో. లండన్‌లో పరిశోధన చేస్తున్న జాక్‌ మిల్లర్‌ అప్పుడే పుట్టిన చిట్టెలుకల్లో థైమస్‌ తీసేసి చూశారు. అవి అంటురోగాలను తట్టుకోలేకపోయాయి. వేరే ఎలుక చర్మం అతికిస్తే, పరాయిదని తోసిపుచ్చాల్సింది పోయి అలాగే ఉంచేసుకున్నాయి. అంటే, తన-పర తేడా నేర్పే బడి ఇదేనన్నమాట! ఈ పనికి 2019లో మిల్లర్‌కు లాస్కర్‌ పురస్కారం వచ్చింది.

కంచే చేను మేస్తే...

బడి ఉన్నాక పంతుళ్లుండాలిగా! థైమస్‌లో పాఠాలు చెప్పేవి ఎపిథీలియల్‌ కణాలు. అవి అదుపు తప్పి పెరిగితే వచ్చే కణితే థైమోమా. పంతులే గాడి తప్పితే చదువు ఎలా సాగుతుంది? ఫెయిల్‌ కావాల్సిన కణాలు పాసైపోతాయి. సొంత శరీరం మీదికే దూకుతాయి. కంచే చేను మేయడమంటే ఇదే.

వాటి దెబ్బ ఎక్కువగా పడేది నరం కండరాన్ని కలిసేచోట. మనం రెప్ప ఎత్తాలనుకోగానే నరం చివర నుంచి ఎసిటైల్‌కోలిన్‌ అనే రసాయనం విడుదలవుతుంది. కండరం మీదున్న గ్రాహకాలు దాన్ని అందుకుంటాయి. కండరం కదులుతుంది. దారితప్పిన టి-కణాల ప్రోద్బలంతో తయారైన యాంటీబాడీలు ఆ గ్రాహకాలను మూసేస్తాయి, ధ్వంసం చేస్తాయి. నరం కబురు పంపుతూనే ఉంటుంది, అందుకునేవాళ్లే ఉండరు! పని చేసేకొద్దీ బలం తగ్గడం, విశ్రాంతి తీసుకుంటే తిరిగి రావడం అందుకే. ఈ జబ్బే మయస్తీనియా గ్రేవిస్‌. రోజంతా తీరిక లేకుండా పనిచేసే రెప్ప, కనుగుడ్డు కండరాలు చాలామందిలో ముందుగా చిక్కుతాయి.

ఈ పేరు మనదేశంలో పదిమందికీ తెలిసింది అమితాబ్‌ బచ్చన్‌ వల్ల. 1982లో ‘కూలీ’ షూటింగ్‌లో తీవ్రంగా గాయపడి కోలుకున్న ఆయనకు, 1984లో మయస్తీనియా ఉన్నట్టు తేలింది. వైద్యం తీసుకుని మళ్లీ కెమెరా ముందుకొచ్చారు. ఆ తరవాత దశాబ్దాల పాటు ఆయన చేసిన సినిమాలు మనకు తెలిసినవే.

థైమోమా వచ్చినవారిలో మూడోవంతుకు పైగా మయస్తీనియా కనిపిస్తుంది. అదే మయస్తీనియా ఉన్నవారిని లెక్కిస్తే, థైమోమా ఉండేది నూటికి 10-15 మందిలోనే. అంటే రెప్ప వాలిన ప్రతివారికీ కణితి ఉన్నట్టు కాదు. కానీ మయస్తీనియా అని తేలిన ప్రతివారికీ ఛాతీకి ఒక్కసారైనా స్కాన్‌ తీయాల్సిందే. కంటి జబ్బుకు ఛాతీ స్కాన్‌ ఎందుకన్న సందేహానికి జవాబు ఇదే.

తప్పెవరిది?

ఏ కణితి బయటపడినా ఇంట్లో మొదట వినిపించే మాట ‘నేనేం పాపం చేశాను?’ అనే. థైమోమాకు పొగ, మందు, తిండి, పని... ఏదీ కారణమని రుజువు కాలేదు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే జబ్బని భయపడాల్సిన పనీ లేదు. ఆడా మగా తేడా లేకుండా, ఎక్కువగా నలభై దాటినవారికి వస్తుంది. అమెరికా లెక్కల ప్రకారం ఏటా పదిలక్షల మందిలో ఒకరిద్దరికి మాత్రమే.

అందరిలోనూ రెప్ప వాలాలనేం లేదు. కొందరిలో ఏ బాధా ఉండదు. వేరే పనిమీద తీసిన ఎక్స్‌రేలోనో, స్కాన్‌లోనో అనుకోకుండా కనిపిస్తుంది. కణితి పెద్దదైతే దగ్గు, ఆయాసం, ఛాతీలో బరువు ఉండొచ్చు. పెద్ద రక్తనాళాన్ని నొక్కితే ముఖం, మెడ ఉబ్బుతాయి. అరుదుగా కొందరిలో ఎర్ర రక్తకణాల తయారీ దాదాపు ఆగిపోయి తీవ్రమైన రక్తహీనత వస్తుంది. మరికొందరిలో రోగనిరోధక శక్తి పడిపోయి మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్లు వస్తుంటాయి.

ముందు పరీక్ష... తరవాతే కత్తి

మయస్తీనియాను పట్టుకోవడానికి డాక్టర్లు చేసే ఓ తేలికైన పరీక్ష చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. వాలిన రెప్ప మీద రెండు నిమిషాలు ఐస్‌ పెడతారు. చల్లదనానికి రెప్ప పైకి లేస్తే అనుమానం బలపడుతుంది. ఆపైన రక్తంలో యాంటీబాడీల పరీక్ష, నరానికి చిన్న చిన్న కరెంటు తరంగాలు పంపి కండరం అలిసిపోతోందేమో చూసే పరీక్ష ఉంటాయి.

ఇక ఛాతీలో గడ్డ కనిపించగానే అది థైమోమాయే అనుకోకూడదు. అదే చోట లింఫోమా రావచ్చు. జనన కణాల నుంచి పుట్టే కణితి ఉండొచ్చు. మెడలోని థైరాయిడ్‌ ఉబ్బి కిందికి దిగవచ్చు. నీటితిత్తి కావచ్చు. మనదేశంలో అయితే క్షయ వల్ల ఉబ్బిన గ్రంథుల్నీ మరవకూడదు. ఒక్కోదానికి ఒక్కో వైద్యం. లింఫోమాకు ప్రధానంగా మందులే, క్షయకు మాత్రలే. ఆపరేషన్‌ అక్కర్లేదు. అందుకే సీటీ, అవసరమైతే ఎమ్మారై, కొన్ని రక్తపరీక్షలు చేసి తేల్చుకుంటారు.

‘ముక్క తీసి పరీక్షకు పంపరా?’ అని బంధువులు తొందరపెడుతుంటారు. ఇక్కడే ఓ మెలిక ఉంది. స్కాన్‌లో థైమోమా లాగే కనిపిస్తూ, మొత్తంగా తీసేయడానికి వీలున్న గడ్డకు సాధారణంగా సూది గుచ్చరు. దాని చుట్టూ ఉన్న పొరకు చిల్లుపడితే కణితి కణాలు ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర మీదికి చిందే ప్రమాదం ఉంది. గడ్డ బాగా పెద్దదై ఒకేసారి తీయలేమనుకున్నా, లింఫోమా ఏమోనన్న అనుమానం ఉన్నా మాత్రం ముక్క పరీక్ష తప్పదు. డాక్టరు ‘బయాప్సీ వద్దు’ అంటే నిర్లక్ష్యం అనుకోకండి. ఎందుకని అడగండి, చెబుతారు.

ఇంకో ముఖ్యమైన మాట. రెప్ప వాలకపోయినా సరే, థైమోమా అనుమానం ఉంటే ఆపరేషన్‌కు ముందే మయస్తీనియా రక్తపరీక్ష చేయించాలి. బయటికి కనిపించకుండా లోపల ఆ జబ్బు ఉంటే, మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి వాడే మందులు ఎక్కువగా పనిచేస్తాయి. ఆపరేషన్‌ అయ్యాక రోగి సొంతంగా ఊపిరి తీసుకోలేని పరిస్థితి రావచ్చు. ముందే తెలిస్తే మందులతోనో, యాంటీబాడీలను తగ్గించే ప్లాస్మా మార్పిడి, ఇమ్యునోగ్లోబులిన్‌ ఇంజెక్షన్లతోనో శరీరాన్ని సిద్ధం చేసి బల్లమీదికి ఎక్కిస్తారు.

క్యాన్సరేనా డాక్టర్‌?

రిపోర్టులో ఎ, ఎబి, బి1, బి2, బి3 అని అక్షరాలుంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన విభజన ఇది. ఎ నుంచి బి3కి వెళ్లేకొద్దీ సాధారణంగా కణితి దూకుడు పెరుగుతుంది. వీటికి పూర్తిగా వేరుగా, మరింత తీవ్రంగా ఉండేది థైమిక్‌ కార్సినోమా. అది ఇంకా అరుదు.

ఒకప్పుడు థైమోమాలను మంచివి, చెడ్డవి అని విడదీసేవారు. ఇప్పుడు దాదాపు అన్నింటినీ క్యాన్సర్‌ గాటనే కడుతున్నారు. ఎందుకంటే నెమ్మదిగా పెరిగేది కూడా ఎప్పుడో ఒకప్పుడు తిరిగి రావచ్చు. అయితే ఆ మాట వినగానే కుప్పకూలాల్సిన పనిలేదు. ఇక్కడ పేరుకన్నా, అది ఎంతవరకు పాకిందన్నదే ముఖ్యం. జపాన్‌ వైద్యుడు మసావొకా 1981లో చెప్పిన మెట్లు చాలాకాలం దారి చూపాయి. మొదటి దశలో కణితి తన పొర లోపలే ఉంటుంది. రెండో దశలో పొర దాటి పక్కనున్న కొవ్వులోకి చేరుతుంది. మూడో దశలో ఊపిరితిత్తి, గుండె పొర, పెద్ద రక్తనాళాల వంటివాటిని పట్టుకుంటుంది. నాలుగో దశలో ఛాతీ లోపలి పొరల మీద విత్తనాలు జల్లినట్టు కనిపిస్తుంది, లేదా దూరంగా పాకుతుంది. ఇప్పుడు మిగతా క్యాన్సర్లకు వాడే టీఎన్‌ఎం పద్ధతినీ దీనికి వర్తింపజేస్తున్నారు.

మొదటి రెండు దశల్లో పూర్తిగా తీసేయగలిగితే పదేళ్ల తరవాత కూడా నూటికి ఎనభై నుంచి తొంభైమంది దాకా జీవించి ఉంటున్నారు.

మొత్తం తీయడమే మందు

థైమోమాకు అసలు వైద్యం ఆపరేషనే. కణితి ఒక్కదాన్నే కాదు, థైమస్‌ మొత్తాన్ని, చుట్టూ ఉన్న కొవ్వుతో సహా ఒక్క ముక్కగా తీయాలి. అంచుల్లో ఏమీ మిగలకూడదు. రోగి భవిష్యత్తును తేల్చేది చాలావరకు ఇదే.

ఈ ఆపరేషన్‌కు దారి చూపింది ఓ యువతి. 1936లో అమెరికాలోని నాష్‌విల్‌లో, మయస్తీనియాతో బాధపడుతున్న ఆమె థైమస్‌లోని కణితిని ఆల్‌ఫ్రెడ్‌ బ్లేలాక్‌ అనే సర్జన్‌ తీసేశారు. ఆమె కోలుకుంది. 1939లో ఆ సంగతి ప్రపంచానికి చెప్పారు. గుండె లోపంతో నీలంగా మారే పిల్లలకు 1944లో ఆపరేషన్‌ చేసి పేరు పొందిన బ్లేలాక్‌ కూడా ఈయనే.

అప్పట్లో రొమ్ము ఎముకను నిలువునా తెరవాల్సి వచ్చేది. పెద్ద కణితులకు ఇప్పటికీ అదే పద్ధతి. చిన్నవాటిని పక్కటెముకల మధ్య చిన్న కోతలు పెట్టి, కెమెరా సాయంతోనో రోబో చేతులతోనో తీస్తున్నారు. నొప్పి తక్కువ, ఇంటికి త్వరగా వెళ్లొచ్చు. అయితే కోత చిన్నదా పెద్దదా అన్నది రెండో ప్రశ్న. కణితి మొత్తం వస్తుందా అన్నదే మొదటి ప్రశ్న. ఇరుపక్కలా ఊపిరిని నడిపే నరాలుంటాయి. వాటికి దెబ్బ తగలకూడదు. మయస్తీనియా ఉన్నవారికి అది మరీ ప్రమాదం. అందుకే ఇలాంటి కేసులు తరచూ చూసే పెద్దాసుపత్రిలో, నరాల డాక్టరు, ఛాతీ సర్జన్‌, మత్తు డాక్టర్‌, క్యాన్సర్‌ డాక్టర్‌ కలిసి ఆలోచించే చోట చేయించుకోవడం మేలు.

పూర్తిగా రాకపోయినా, పక్క అవయవాల్ని పట్టుకున్నా తరవాత రేడియేషన్‌ ఇస్తారు. మొదట్లోనే తీయలేనంత పెద్దదైతే కీమోథెరపీతో చిన్నది చేసి, ఆపైన ఆపరేషన్‌ చేస్తారు. థైమిక్‌ కార్సినోమా ముదిరిన వారికి కీమోతో పాటు, తరవాతి దశలో లెన్వాటినిబ్‌ వంటి కొత్త మాత్రలూ ఉన్నాయి. ఎన్నో క్యాన్సర్లలో వాడుతున్న ఇమ్యునోథెరపీతో మాత్రం ఇక్కడ జాగ్రత్త అవసరం. అది రోగనిరోధక శక్తికి కళ్లెం వదిలేస్తుంది. అసలే దారితప్పిన కణాలున్న చోట కళ్లెం వదిలితే గుండె కండరానికీ, ఇతర కండరాలకూ తీవ్రమైన ముప్పు రావచ్చు.

‘గ్రంథి తీసేస్తే ఎలా బతకడం?’ అన్నది మరో భయం. పెద్దవాళ్లకు అప్పటికే చదువుకుని బయటికొచ్చిన టి-కణాలు బోలెడుంటాయి. అయితే పెద్దయ్యాక థైమస్‌తో పనేలేదన్న పాత నమ్మకాన్ని 2023లో అమెరికాలోని బోస్టన్‌ నుంచి వచ్చిన ఓ పరిశోధన కదిలించింది. థైమస్‌ తీసిన 1,146 మందిని, ఛాతీలో ఆపరేషన్‌ జరిగినా థైమస్‌ ఉన్నవారితో పోల్చారు. అయిదేళ్లలో తీసినవారిలో 8.1 శాతం, ఉన్నవారిలో 2.8 శాతం చనిపోయారు. దీన్నిబట్టి అర్థమయ్యేది ఒకటే. అకారణంగా థైమస్‌ జోలికి వెళ్లకూడదు. కణితి ఉంటే మాత్రం వెనకాడకూడదు. ఉంచుకుంటే వచ్చే నష్టమే పెద్దది.

ఇంటికొచ్చాక...

కణితి పోయింది కాబట్టి మర్నాటి నుంచే రెప్ప నిలబడుతుందనుకోవద్దు. పాత యాంటీబాడీలు తగ్గడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. పిరిడోస్టిగ్మిన్‌ మాత్రలు, స్టెరాయిడ్లు కొంతకాలం, కొందరికి చాలాకాలం కావాలి. బాగుందని ఎవరికివారే ఆపేస్తే ముప్పు. అరుదుగా కొందరిలో ఆపరేషన్‌ తరవాతే మయస్తీనియా మొదటిసారి కనిపిస్తుంది.

పూర్తిగా తీసినా నూటికి పది, పదిహేను మందిలో కణితి తిరిగి రావచ్చు. అదీ నిదానంగా, ఏళ్ల తరవాత. అందుకే మొదటి రెండేళ్లు ఆర్నెల్లకోసారి, ఆపైన ఏడాదికోసారి, పదేళ్ల దాకా స్కాన్‌ చేయిస్తుంటారు. ‘అయిదేళ్లు దాటింది, గండం గడిచింది’ అని ఫైలు అటకెక్కించకూడదు. తిరిగొచ్చినా తొందరగా కనిపెడితే మళ్లీ తీసేసే అవకాశం ఉంటుంది.

ఇంట్లో అందరూ గుర్తుంచుకోవాల్సినవి

* సాయంత్రానికి రెప్ప వాలడం, ఒకటి రెండుగా కనిపించడం, నమలలేకపోవడం, మాట ముక్కులోంచి రావడం... విశ్రాంతితో తగ్గుతుంటే నరాల డాక్టరును కలవాలి.

* మయస్తీనియా ఉందని తేలాక జ్వరానికో విరేచనాలకో మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్‌ తెచ్చుకోవద్దు. సిప్రోఫ్లాక్సాసిన్‌, లీవోఫ్లాక్సాసిన్‌, అజిత్రోమైసిన్‌, జెంటామైసిన్‌ వంటివి కండరాల బలహీనతను పెంచవచ్చు. మెగ్నీషియం ఇంజెక్షన్లు, కొన్ని బీపీ మందులూ అంతే. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా, పన్ను పీకించుకోవడానికి వెళ్లినా ముందు ఈ జబ్బు సంగతి చెప్పాలి. జబ్బు పేరు, వాడే మందులు రాసిన చీటీ పర్సులో ఉంచుకుంటే మంచిది.

* పడుకుంటే ఆయాసం, మింగితే పొలమారడం, గొంతులో ఊట మింగలేకపోవడం, మెడ నిలవకపోవడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. అర్ధరాత్రయినా వెంటిలేటరున్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

* స్కాన్‌ సీడీలు, ఆపరేషన్‌ రిపోర్టు, కణితి పరీక్ష రిపోర్టు ఒకేచోట దాచాలి. పదేళ్ల తరవాత కూడా అవి అవసరపడతాయి.

అరుదైన జబ్బులకు పెద్ద శత్రువు వాటి అరుదైనతనమే. ఎవరికీ తట్టదు. ‘పెద్దదాన్నయ్యాను కదా’ అని సర్దుకుపోయే అమ్మకు అసలే తట్టదు. అందుకని ఈ ఆదివారం అందరూ ఒకచోట కూర్చున్నప్పుడు ఓ పని చేయండి. పొద్దున ఒకసారి, రాత్రి భోజనాలయ్యాక ఒకసారి అమ్మ ముఖంలోకి కాస్త పరకాయించి చూడండి. రెండుసార్లూ రెప్పలు ఒకేలా ఉంటే సంతోషం. తేడా కనిపిస్తే మాత్రం... వయసు మీదికి నెట్టేయకండి.